పెట్టెతో తిరిగొచ్చిన పిల్ల

నా ఉద్యోగం ఏమిటో మా అమ్మ ఊళ్ళో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయేది. పట్టుబట్టి అడిగితే, "మా కామేశ్వరిది అనుమానపడే ఉద్యోగమండీ. దానికి జీతం కూడా ఇస్తారు" అనేది. వెటకారానికి అన్నా, ఇన్నేళ్ళలో నా పని గురించి అంతకంటే సరైన మాట ఎవరూ చెప్పలేదు.

హైదరాబాదులో ఒక దాతల సంస్థ ఉండేది. జిల్లాల్లోని స్వచ్ఛంద సంస్థలకు అది డబ్బిచ్చేది. తీసుకున్నవాళ్ళు చెప్పిన పని చేశారా, చేస్తే దానివల్ల ఎవరికైనా మేలు జరిగిందా అని చూసి చెప్పడానికి నన్ను పెట్టుకున్నారు. తొంభైలలో పొదుపు సంఘాలు, రాత్రి బళ్ళు, తుఫాను ఇళ్ళు చూశాను. ఆ తర్వాత ఆడపిల్లల అక్రమ రవాణా మీద పనిచేసే సంస్థలు వచ్చాయి. పని ఇప్పిస్తానని చెప్పి ఆడపిల్లను ఊరు దాటించి, ఎక్కడో ఒక గదికి అమ్మేసే వ్యాపారం అది. పిల్లలు అలా పోకుండా ఆపడం, పోయి బయటపడ్డవాళ్ళను మళ్ళీ నిలబెట్టడం ఈ సంస్థల పని. నాది కొత్తపేట కాబట్టి కోనసీమ మొత్తం నా నెత్తిన పెట్టారు.

ఈ ఉద్యోగంలోకి కొత్తగా వచ్చే పిల్లలు అప్పుడప్పుడు ఇంటికొచ్చి "ఇంపాక్టు ఎలా కొలవాలి మేడం?" అని అడుగుతుంటారు. సూత్రాలు, పట్టికలు నాకంటే వాళ్ళ దగ్గరే ఎక్కువున్నాయి. నా దగ్గర ఉన్నవి రెండు మూడు సంగతులు. అవే చెబుతాను.

జరగనిదాన్ని చూడటం

రోడ్డు వేస్తే రోడ్డు కనబడుతుంది. బడి కడితే బడి కనబడుతుంది. ఒక ఆడపిల్ల మోసపోకుండా ఇంట్లోనే ఉండిపోతే ఏం కనబడుతుంది? ఆ పిల్ల వాకిలి ఊడుస్తూ కనబడుతుంది. పక్కింటి పిల్లా అలాగే ఊడుస్తుంది. ఎవరి వల్ల ఎవరు ఆగారో చెప్పేదెలా?

ఈ ప్రశ్న వల్ల మోసగాళ్ళకు ఎంత సుఖమో నాకు మొదటి ఏడాదే తెలిసింది. ఒక సంస్థ కార్యదర్శి నన్ను జీపులో ఊరూరా తిప్పాడు. గోడల మీద నినాదాలు చూపించాడు. బళ్ళో పిల్లలచేత పాట పాడించాడు. చివరికి కొబ్బరిబొండం కొట్టి చేతికిచ్చి, "ఈ ఊళ్ళో మేం మీటింగు పెట్టేక ఒక్క ఆడపిల్ల కూడా పోలేదండి" అన్నాడు.

"అంతకుముందు ఎంతమంది పోయారండీ?" అని అడిగాను.

"ముందూ ఎవరూ పోలేదండి."

అబద్ధం చెప్పలేదు పాపం. మీటింగుకు వచ్చి అటుకులు తిని వెళ్ళిన ప్రతి పిల్లనూ తాను కాపాడిన పిల్లగా లెక్కేసుకున్నాడు, అంతే. ఇదంతా వచ్చి మా పై అధికారి మూర్తి గారితో చెబితే ఆయన నవ్వలేదు. "వాళ్ళ అంకెలు బాగానే ఉన్నాయి కదమ్మా" అన్నారు. మూర్తి గారు మంచివారే. అంకె కనబడితే గానీ కంటికి నిద్ర పట్టని మనిషి. ఇలాంటి అధికారి కింద పనిచేసేటప్పుడు జాగ్రత్తగా ఉండండి. ఆయనకు కావలసిన అంకె మీ చేత ఎప్పుడు వేయించుకుంటారో మీకే తెలియదు.

"నమ్మి చెడినవారు లేరు" అంటారు పెద్దలు. ఆ మాట అన్నవారెవరో ఈ ఉద్యోగం చేసి ఉండరు.

"మొదట్లోనే ఏడవమంటారాండీ?"

కాపాడటం కనబడదు కాబట్టి, కాపాడబడ్డ మనిషిని చూపించాలని అందరికీ తొందర. ఒక పట్టణంలో సభ పెట్టారు. వేదిక మీద దాతలు, అధికారులు. ముఖానికి చున్నీ కట్టుకున్న ఒక అమ్మాయి మైకు పట్టుకుని తనను ఎవరు తీసుకెళ్ళారో, ఎక్కడ ఉంచారో చెప్పాలి. సభ మొదలవక ముందు మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర ఆ పిల్ల నా పక్కనే నిలబడింది. నన్ను ఆ సంస్థ మనిషే అనుకున్నట్టుంది. "మైకు దగ్గర మొదట్లోనే ఏడవమంటారాండీ, ఆఖర్లో ఏడవమంటారాండీ?" అని అడిగింది.

ఆ గొంతు నేను అంతకుముందు విన్నాను. ఇంకో జిల్లాలో, ఇంకో సంస్థ సభలో, ఇంకో పేరుతో. అక్కడా చున్నీయే కట్టారు.

ఆ పిల్ల అబద్ధాలకోరు అని నేననను. ఆమెకు జరిగింది జరిగిందే. కానీ ఆ జరిగినదాన్ని రెండు సంస్థలు చెరో పక్క వాడుకుంటున్నాయి. పిల్లను అమ్మినవాడు ఒకసారే అమ్మాడు. వీళ్ళు సభకోసారి అమ్ముతున్నారు. ఈ మాట ఇలాగే రాశాను. మూర్తి గారు ఆ వాక్యం కొట్టేసి "పద్ధతి మెరుగుపడాలి" అని మార్చారు.

ఆ రోజునుంచి నాకు నేను ఒక నియమం పెట్టుకున్నాను. ఏ పిల్లనూ "నీకేం జరిగింది?" అని అడగను. అడగకుండా తెలుసుకోలేకపోతే ఆ చేతకానితనం నాది. దానికి ఆ పిల్లను ఏడిపించక్కర్లేదు.

రూతమ్మ గారి బీరువా

రూతమ్మ గారు కువైట్‌లో ఆసుపత్రి నర్సుగా చాలా ఏళ్ళు చేసి వచ్చి, అమలాపురంలో కాలవ గట్టున ఒక మేడ అద్దెకు తీసుకుని సంస్థ నడిపేవారు. కింద ఆఫీసు, పైన బయటపడ్డ పిల్లలు తలదాచుకునే గదులు. మాట మెత్తన, మనిషి గట్టి. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఆవిడ దగ్గరకు నన్ను పంపారు.

"మీరు ఊళ్ళలో నిలబెట్టామన్న పిల్లల్ని చూడాలండీ" అన్నాను.

"చూపించనండి."

"పోనీ ఊళ్ళ పేర్లు..."

"చెప్పనండి. టీ తాగుతారా?"

టీ తాగాను. నా అనుభవంలో ఇలా మాట్లాడేవాళ్ళు రెండు రకాలు. చూపించడానికి ఏమీ లేనివాళ్ళు, దాచడానికి ఏదో ఉన్నవాళ్ళు. ఈవిడ ఏ రకమో తేల్చుకుందామని వారం రోజులు అక్కడే మకాం పెట్టాను. మూర్తి గారికి ఫోన్ చేస్తే, "చూపించకపోతే లేనట్టేనమ్మా. ఈ ఏడాదితో డబ్బు ఆపేద్దాం" అన్నారు. ఆపేస్తే పై గదులు ఖాళీ చేయాలి. అక్కడున్న పిల్లల్లో కొందరికి వెళ్ళడానికి ఇల్లు లేదు, కొందరికి ఉన్నా గుమ్మం తొక్కనివ్వరు.

ఒకరోజు ఫైలు కోసం ఆఫీసులో ఒక బీరువా తలుపు తీశాను. అది ఫైళ్ళ బీరువా కాదు. లోపల సెంటు సీసాలు, ఖర్జూరం డబ్బాలు, పాలపొడి డబ్బాలు, తలనొప్పి మందు సీసాలు, ప్లాస్టిక్ సంచీల్లో పులి బొమ్మ దుప్పట్లు. బీరువా పక్కన చక్రాల పెట్టెలు ఒకదానిమీద ఒకటి. వాటి పిడులకు విమానం చీటీలు ఇంకా వేలాడుతున్నాయి.

కోనసీమ వాళ్ళకు ఈ సామాను చూస్తే విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది గల్ఫ్ నుంచి వచ్చినవాళ్ళ సామాను. గల్ఫ్ అంటే ఏజెంట్లు. ఏజెంట్లలో నిజంగా పంపేవాళ్ళున్నారు, కువైట్ అని చెప్పి బొంబాయిలో దింపేసేవాళ్ళూ ఉన్నారు. పిల్లల్ని ఆపుతానని డబ్బు తీసుకునే ఆఫీసులో గల్ఫ్ పెట్టెలకేం పని? కంచే చేను మేస్తోందనుకున్నాను. తలుపు మూసేసి, ఏమీ చూడనట్టు వచ్చి కూర్చున్నాను.

మర్నాడు బజారులో ఫారిన్ సామాన్ల కొట్టుకు వెళ్ళాను. ఒక సబ్బు కొని, రూతమ్మ గారి మాట కదిపాను. ఆవిడ తెచ్చిన సరుకు ఇక్కడ అమ్ముతున్నారేమోనని నా అనుమానం. కొట్టాయన నెత్తి గోక్కున్నాడు.

"అమ్మరండి. కొంటారు. అదే నాకూ అంతుపట్టదండి. కువైట్ నుంచొచ్చినోళ్ళు వాడుకోగా మిగిలింది మాకమ్ముతారు. ఆవిడ కువైట్లో ఉండొచ్చి, మా కాడ కొనుక్కెళ్తారు. ఇంకో చిత్రం చెప్పనాండి? పాత పెట్టెకి ఇమానం చీటీ ఊడిపోకుండా ఉంటే, అడిగినదానికంటే ఎక్కువిస్తారండి."

దొంగ సరుకు అమ్మేవాళ్ళను చూశాను. చిరిగిన చీటీకి ఎక్కువిచ్చేవాళ్ళను చూడలేదు. ఇక ఊరుకోలేక తిన్నగా వెళ్ళి రూతమ్మ గారి ముందే బీరువా తెరిచాను.

ఆవిడ తడబడలేదు. కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"కామేశ్వరి గారూ, మీరూ ఈ పక్కోరే కదండీ. మన ఊళ్ళల్లో ఆడపిల్ల రెండేళ్ళు కనబడకపోతే రెండే మాటలండి. కువైట్ ఎళ్ళింది అన్నది ఒకటి. రెండోది నా నోటితో అనను. కువైట్ ఎళ్ళిందంటే పెట్టె ఉండాలి. ఇంటింటికీ ఓ సబ్బు, ఓ గుప్పెడు ఖర్జూరం పంచాలి. పెట్టె లేకుండా బస్సు దిగిన పిల్లకి ఆ రెండో మాటే మిగులుద్దండి."

"అందుకని అబద్ధం కుట్టి ఇస్తున్నారా?"

"ఆయ్. పెట్టె ఇస్తాను. వారం రోజులు కూర్చోబెట్టి కువైట్ ఎలాగుంటాదో నేర్పుతాను. ఏ రొట్టి తింటారు, ఏ రోజు శలవు, ఇంటావిడ్ని ఏమని పిలవాలి. అప్పుడు పంపుతాను. మీరు జీపేసుకుని ఆ ఇంటి ముందు దిగితే నా పెట్టె, నా వారం, ఆ పిల్ల బతుకు అన్నీ కాలవలో కలిసిపోతాయండి."

బాగా చెప్పారు. మరీ బాగా చెప్పారని నాకు మళ్ళీ అనుమానం. అయినా అంతకంటే పెద్ద అనుమానం ఇంకోటి వచ్చింది, అది అడిగేశాను.

"రూతమ్మ గారూ, మీరు ఒక ఊళ్ళో మీటింగు పెట్టి ఏజెంట్లను నమ్మొద్దంటారు. అదే ఊళ్ళోకి పెట్టె నిండా సామానుతో పిల్లను దింపుతారు. మీ మీటింగు ఎవరికి గుర్తుంటుంది? పెట్టె గుర్తుంటుంది. దాన్ని చూసి పక్కింటి పిల్ల ఏజెంటు వెనక బయల్దేరితే?"

ఆవిడ లేచి బీరువా తలుపు దగ్గరగా వేశారు. "తట్టకపోలేదండి" అన్నారు చివరికి. "పెట్టె ఇవ్వకపోతే ఈ పిల్ల ఇవాళే పోద్ది. ఇస్తే ఆ పిల్ల రేపు పోద్దేమో. నా ఎదురుగా ఏడుస్తున్నదాన్నే చూసేనండి."

నాకు ఆ జవాబు నచ్చలేదు. ఇప్పటికీ పూర్తిగా నచ్చదు. ఒక చేత్తో కట్టిన గట్టుకు ఇంకో చేత్తో గండి కొట్టడం ఈ రంగంలో చాలామంది చేసే పని. వేరువేరుగా చూస్తే రెండు పనులూ మంచివే కనబడతాయి. మీరు మాత్రం రెండూ కలిపి చూడండి.

ఒక్క పిల్లనైనా చూడకపోతే మూర్తి గారి చేతిలో ఈ సంస్థ మూతపడుతుందని చెప్పాను. "అడుగుతాను. ఆ పిల్ల ఒప్పుకుంటేనే" అన్నారు. కొన్ని రోజులకు కబురొచ్చింది. జీపు వద్దు, సంచీలో జాకెట్టు గుడ్డ పెట్టుకుని రావాలి.

జాకెట్టు గుడ్డ

ఊరి పేరు చెప్పను. రాజోలు వైపు అనుకోండి. పిల్ల పేరు కూడా మార్చి సునీత అంటున్నాను. బస్సు దిగి, ఆటో ఎక్కి, గట్టు మీద కొంత దూరం నడిచి వెళ్ళాను. ఇంటి ముందు పాకలో కుట్టు మిషను. సన్నగా, చామనచాయగా ఉన్న పిల్ల దాని వెనక. తల్లి పొలం పనికి వెళ్ళిందట.

"జాకెట్టు కుట్టాలమ్మా" అన్నాను.

"ఆయ్, కూర్చోండి. ఆది జాకెట్టు తెచ్చేరా?" అంది.

అంతకుమించి ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు. నేను అడగను, ఆమె చెప్పదు. మిషను నడుస్తోంది. నా బుర్ర మాత్రం ఊరుకోలేదు. ఈమె నిజంగా ఆ పిల్లేనా? ఎవరో దర్జీ పిల్లను చూపించి రూతమ్మ గారు నన్ను బురిడీ కొట్టిస్తున్నారేమో? ఎలా తేల్చుకోవడం?

ఇంతలో పక్కింటావిడ మార్తమ్మ వచ్చింది. కుట్టిన లంగా తీసుకుపోవడానికి వచ్చి, నన్ను చూసి, అరుగు మీద కూలబడింది.

"ఏవూరండీ?"

"కొత్తపేటండీ."

"కొత్తపేటలో జాకెట్టు కుట్టేవోళ్ళు లేరాండీ?"

నా జన్మలో ఎంతోమందిని ఇలాంటి ప్రశ్నలడిగాను. నన్ను ఒకరు అడగడం అదే మొదలు. చుట్టాలింటికి వచ్చానని గొణిగాను. ఏ చుట్టాలు, ఏ వీధి అని మార్తమ్మ వదల్లేదు. నా మొహం, నా సంచీ, నా చెప్పులు అన్నీ చూసింది. నాకంటే బాగా చూసింది. ఆ తర్వాత సునీత వైపు తిరిగింది.

"కువైట్ నుంచొచ్చి ఇన్నాళ్ళయింది కదే. మా దీవెనతో పనిచేసినోళ్ళు శలవుకొస్తే మా ఇంటికొచ్చి పోతారు. నీకోసం ఒక్కరూ రారేంటే?"

మామూలుగానే అడిగింది. కానీ సునీత తల ఎత్తలేదు. ఈ ప్రశ్న ఆమెను చాలాసార్లు అడిగి ఉంటారు. ఇంకెన్నాళ్ళు తప్పించుకోగలదు?

"నేను అక్కడిదాన్నేనండీ" అన్నాను. "కువైట్‌లో సునీతా నేనూ పక్కపక్క ఇళ్ళల్లో పనిచేశాం. నేను వంట. చూసి పోదామని వచ్చాను. ఊళ్ళో అందరికీ చెప్పుకోవడం ఎందుకని జాకెట్టు, చుట్టాలు అన్నాను."

ఇది నేను అనుకుని వెళ్ళింది కాదు. కానీ కొత్తపేటలో పుట్టినవాళ్ళకు కువైట్ కబుర్లకేం కొదవ? మా వీధిలో సగం మంది అక్కడికి వెళ్ళొచ్చినవాళ్ళే. ఖుబ్బూస్ రొట్టె గురించి, ఎండ గురించి, ఇంటావిడను మామా అని పిలవడం గురించి నాలుగు ముక్కలు చెప్పేసరికి మార్తమ్మ మెత్తబడింది. తన పెద్ద కూతురు దీవెన కూడా అక్కడే ఇంటిపని చేస్తోందని చెప్పి మురిసిపోయింది. తర్వాత గొంతు తగ్గించింది.

"మా చిన్నది కరుణని కూడా పంపేద్దామనుకుంటున్నానండి. ఒకాయన వచ్చేడు. టిక్కెట్టు, కాగితాలు అన్నీ ఆయనే చూసుకుంటాడంట. మనం పైసా ఇవ్వక్కర్లేదంట. ముందు బొంబాయిలో నాల్రోజులుంచి పని నేర్పిస్తారంట."

మిషను ఆగిపోయింది.

సునీత కాలు తొక్కుడు బల్ల మీదే ఉంది. కదలడం లేదు. గుడ్డ పట్టుకున్న చేతివేళ్ళు తెల్లబడ్డాయి. అప్పుడు నాకు అనుమానం తీరిపోయింది. రూతమ్మ గారు ఈ పిల్లకు వారం రోజులు కువైట్ నేర్పి ఉండవచ్చు. ఇది మాత్రం ఎవరూ నేర్పింది కాదు.

"దీవెనక్క బొంబాయిలో పని నేర్చుకునెళ్ళిందా పిన్నీ?" అంది సునీత, చాలా నెమ్మదిగా.

"లేదే. తిన్నగా ఇమానం ఎక్కింది."

"మరి కరుణకెందుకు?"

"ఇప్పుడు పద్ధతి మారిందంటే. ఆయన చెప్పేడు."

"పంపకు పిన్నీ." సునీత గుడ్డ వదిలేసింది. "నన్ను గదిలో పెట్టి తాళం వేసేవోరు. ఎన్నో రోజులు అన్నం పెట్టలేదు. తలుపు కొడితే, ఇదిగో..." అని రవిక చెయ్యి పైకి లాగింది. మోచేతి పైన కాలిన మచ్చ.

మార్తమ్మ మచ్చను చూసింది. జాలిపడింది. కానీ ఆవిడా నా జాతి మనిషే, అనుమానం వదల్లేదు.

"అన్నం పెట్టనోళ్ళు అంత పెట్టె ఎలా ఇచ్చేరే? పులి దుప్పటి ఇచ్చేవు మా ఇంటికి. సెంటు ఇచ్చేవు. మా దీవెన ఇన్నేళ్ళనుంచి చేస్తంది, దానికే అంత సామాను లేదు."

నేను రూతమ్మ గారిని అడిగిన ప్రశ్నే తిరిగి తిరిగి ఆ పాకలోకి వచ్చింది. సునీత ఇప్పుడు నిజం చెబితే కరుణ ఆగుతుంది, తనకు మాత్రం ఈ ఊళ్ళో చోటుండదు. చెప్పకపోతే ఆ పెట్టే కరుణను బొంబాయి రైలెక్కిస్తుంది. ఆమె నోరు తెరిచింది. చెప్పేయబోతోందని నాకు అర్థమైంది. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఇరవై ఏళ్ళ పిల్ల, పక్కింటి పిల్ల కోసం తన బతుకు తాను బయటపెట్టుకోబోయింది.

"ఆ పెట్టె ఆమె సంపాదించింది కాదండీ" అన్నాను.

ఇద్దరూ నావైపు చూశారు.

"ఈ పిల్ల అక్కణ్ణించి బయటపడ్డప్పుడు ఒంటిమీద బట్ట తప్ప ఏమీ లేదు. వట్టి చేతులతో ఇంటికెళ్తే ఊళ్ళో ఏమంటారో మా అందరికీ తెలుసు కదండీ. అక్కడున్న ఆడవాళ్ళం తలా ఒకటీ వేశాం. దుప్పటి ఒకరు, సెంటు ఒకరు. పెట్టె కూడా ఒకావిడదే. ఆ పెట్టెను చూసి మీ పిల్లను పంపకండి."

వట్టి చేతులన్నది నిజం, పెట్టె ఇంకొకరిదన్నదీ నిజమే; మిగతాదే అల్లాను. మార్తమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అమ్మా... చెప్పలేదేంటే" అని సునీత తల మీద చెయ్యి వేసింది. సునీత అప్పుడు ఏడ్చింది. మొదట్లో ఏడవాలో, ఆఖర్లో ఏడవాలో ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు.

ఆవకాయ పార్సిలు

అబద్ధమాడితే కథ అక్కడితో అయిపోదు. మార్తమ్మ ఇంటికి పరుగెత్తి ఆవకాయ డబ్బాతో తిరిగొచ్చింది. "మళ్ళీ ఎప్పుడెళ్తారండి? మా దీవెనకి ఇది అందించాలండి. అక్కడ మన పచ్చడి దొరక్క ఏడుస్తాది" అంది. మా వైపు ఎవరు గల్ఫ్ వెళ్తున్నా పది ఇళ్ళ పచ్చళ్ళు మోసుకుపోవాలి. కాదంటే మనిషే కాదు. వచ్చే నెల వెళ్తున్నానని చెప్పి తీసుకున్నాను.

డబ్బాకు ప్లాస్టిక్ చుట్టి, దానిమీద తెల్ల గుడ్డ వేసి సునీత తన చేత్తోనే గట్టిగా కుట్టింది. గుడ్డ మీద దీవెన పేరు, ఫోన్ నంబరు రాసింది. గట్టు దాకా నాతో వచ్చి, "జాకెట్టు రూతమ్మగారితో పంపుతానండి" అంది. కొంచెం ఆగి, "ఏవనుకోకండమ్మా. మీరు మళ్ళీ రాకండి" అంది.

ఏమీ అనుకోలేదు. నా వృత్తిలో నాకు దొరికిన గౌరవాల్లో దాన్ని కూడా లెక్కేసుకుంటాను.

మూర్తి గారు "చూశావా?" అన్నారు. చూశానన్నాను. "ఎవర్ని? ఏ ఊరు?" అన్నారు. "చెప్పనండీ. టీ తాగుతారా?" అన్నాను. ఆయనకు చాలా కోపం వచ్చింది. అయినా నేను ఇంతవరకూ ఎవరినీ సులువుగా వదల్లేదని ఆయనకు తెలుసు కాబట్టి మరో ఏడాదికి డబ్బు ఇచ్చారు. పెట్టెలో సామాను తగ్గించాలని, పిల్ల కష్టపడి వచ్చిందని తెలిసేంతే ఉండాలని రూతమ్మ గారికి రాశాను. ఆవిడ తగ్గించారన్నారు. నేను బీరువా తెరిచి చూసుకున్నాను.

పార్సిలు సంగతి ఉండిపోయింది. దాన్ని రూతమ్మ గారికే అప్పగించాను. సెలవు అయిపోయి కువైట్ తిరిగివెళ్తున్న ఒక నర్సు చేత పంపానని రూతమ్మ గారు చెప్పారు. నేను నమ్మలేదు. నమ్మకపోవడం నాకు అలవాటు. డబ్బా మీది నంబరు రాసుకుని ఉంచుకున్నాను. అమలాపురం బస్టాండు దగ్గర ఫోన్ బూత్‌లోంచి శుక్రవారం నాడు, వాళ్ళ సెలవు రోజున, ఫోన్ చేశాను.

దీవెనే ఎత్తింది. ఆవకాయ అందిందట. డబ్బా పగల్లేదట. కరుణ మాట అడిగితే, ఇంటికి ఫోన్ చేసి గట్టిగా వద్దన్నానని, పిల్ల ఊళ్ళోనే ఉందని చెప్పింది. కరుణను ఆపింది నేనా, సునీతా, ఈ దీవెనా, లేక ఆ బొంబాయి మనిషే మళ్ళీ రాలేదో నాకు తెలియదు. ఎవరికి వాళ్ళం మా లెక్కలో వేసుకోవచ్చు. మీకు ఎవరైనా అంత ఖచ్చితంగా చెబితే అనుమానించండి.

"మీరెవరండీ?" అంది దీవెన.

"నేనమ్మా, అక్కడ మీ సునీతతో పనిచేసినదాన్ని..." అని మొదలుపెట్టాను.

దీవెన చిన్నగా నవ్వింది.

"నాకెందుకండీ ఆ మాట? శుక్రవారం శుక్రవారం మన పక్క ఊళ్ళోళ్ళం అందరం ఇక్కడ చర్చిలో కలుస్తామండి. సునీత ఏ రోజూ ఇక్కడ లేదండి. ఆ సంగతి మాకందరికీ తెలుసు."

"మీ అమ్మకు చెప్పావా?" అన్నాను.

"అది వచ్చిన కొత్తలోనే మా అమ్మ నన్నడిగిందండి, సునీత అక్కడ కనబడేదా అని. కనబడేదని చెప్పేను. ఇక్కడున్నోళ్ళం అందరం అదే చెప్తాం."

"ఎందుకమ్మా?"

"రేపు నేనూ తిరిగొస్తాను కదండీ. అప్పుడు నాకోసం కూడా ఎవరో ఒకరు అలాగే చెప్పాలి."